ఆరోగ్య సిబ్బందికి డ్యూటీలోనే ఒక గంట, తలుపు వేసుకునే ఒక గది: ఒడిశా సరిహద్దు జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

దక్షిణ ఒడిశా సరిహద్దు జిల్లాల ఆరోగ్య అధికారులకు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, రోగి కల్యాణ్ సమితుల (ఆసుపత్రి నిర్వహణ కమిటీల) సభ్యులకు,

నమస్కారం.

స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశా దిదీలు, 108 సిబ్బంది, స్వీపర్లు, మార్చురీ పనివాళ్లు డ్యూటీలో చూసినదాన్ని మనసులోంచి కొంత దించుకోవడానికి రాత, బొమ్మ, మట్టి, పాట, నాటకం వాడతాం. మా పని అదే. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ బరువు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం కాబట్టి తెలుగులో రాస్తున్నాం. ఒడియా ప్రతి మీ కార్యాలయాలకి విడిగా అందుతుంది.

ఈ విషయం మీద ఇంతకుముందే వినతిపత్రం ఇచ్చాం. పదిహేను రోజులకి ఒక గంట, డ్యూటీ టైములో, తలుపు వేసుకునే గది అడిగాం. రాతపూర్వకంగా జవాబు రాలేదు. దాని బదులు ఒక రోజు కార్యక్రమం పెట్టారు: పొద్దున్న ఒత్తిడిని జయించడం ఎలా అని ఉపన్యాసం, మధ్యాహ్నం ముగ్గుల పోటీ, మొదటి మూడు బహుమతులు, గ్రూప్ ఫోటో. పెట్టినవారి మనసు మంచిదే, అనుమానం లేదు. కానీ రాత్రి లేబర్ రూములో బాలింతను పోగొట్టుకున్న సిస్టర్‌ని పొద్దున్నే పిలిచి ముగ్గుకి మార్కులు వేస్తామంటే ఆవిడ ఎందుకొస్తుంది? రాకపోతే, ఆసక్తి లేదని ఆవిడ పేరు పక్కన రాశారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

చావు చూడటం వీళ్లకి కొత్త కాదు. అసలు కష్టం చావు తర్వాత అరగంటలో ఉంటుంది. ఆక్సిజన్ కట్టేయాలి, కాన్యులా, క్యాథెటర్ తీయాలి, గాజుగుడ్డతో దవడ కట్టాలి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టాలి. కేస్ షీట్‌లో టైము వేయాలి. పోలీసు కేసైతే ఠాణాకి కబురు పంపాలి. బెడ్డు తుడిపించి తర్వాతి పేషెంటుని పడుకోబెట్టాలి. తెరకి అవతల ఇంటివాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తుంటారు. మనవైపు ఆ శోకానికి ఒక బాణీ ఉంది, ఒక వరస ఉంది: పేరు పిలిచి, వరస చెప్పి, పోయినవాళ్లు చేసిన మేలు తలుచుకుని, మమ్మల్నిలా చేసి పోయావా అని అడిగి, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. తెరకి ఇవతల ప్లాస్టర్ ఊడదీస్తున్న సిస్టర్‌కి అందులో వంతు లేదు. ఆవిడ ఏడిస్తే డ్యూటీ తెలియని మనిషి, ఏడవకపోతే రాతిగుండె.

ప్రసూతి మరణమైతే సమీక్ష ఉంటుంది. కుటుంబం నిర్ణయం తీసుకోవడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో, ఈ మూడింట్లో ఆలస్యం ఎక్కడ జరిగిందో అడుగుతారు. అడగాల్సిందే. ఆ ఫారంలో అక్కడ నిలబడ్డ మనిషి ఏమైందన్న గడి మాత్రం లేదు. పైగా చాలామంది ఆ సమీక్షకి తప్పు ఎవరి మీద పడుతుందో అన్న భయంతోనే వెళ్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన రోగాల వర్గీకరణలో, పని భారంతో మనిషి పూర్తిగా ఉడిగిపోవడాన్ని, అంటే బర్నౌట్‌ని జబ్బుల కింద కాకుండా, సరిగ్గా సంభాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల వచ్చేదిగా రాసింది. అంటే దాన్ని చూసుకోవాల్సిన చోటు పనిచేసే చోటే.

సిబ్బంది బాధ సిబ్బంది దగ్గరే ఆగితే ఇంత రాయనవసరం లేదు. అది పేషెంట్ల మీద ఎలా పడుతుందో చూడండి.

1. లేబర్ రూములో మాట కటువవుతుంది. లోపల అంతా బిగదీసుకున్న మనిషి నొప్పులు పడుతున్న పిల్లని కసురుతుంది. ఆ పిల్ల ఇంటికెళ్లి చెబుతుంది, వచ్చే ఏడాది ఆ ఊళ్లో ఇంకొకామె ఆసుపత్రికి రావడానికి వెనకాడుతుంది. ముందు నష్టపోయేది సవర, కుయి లాంటి గిరిజన భాషలు మాట్లాడే ఆడవాళ్లు, ఎందుకంటే వాళ్లకి విడమరిచి చెప్పడానికి ఇంకో ఐదు నిమిషాల ఓపిక కావాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు చేసిన నేల ఇది. ఇక్కడి వార్డుల్లో సవరలో పలకరింపు ఇప్పటికీ ఎవరు డ్యూటీలో ఉన్నారన్నదాని మీదే ఆధారపడి ఉంది.

2. మరణవార్త వరండాలో, నిలబెట్టి, రెండు మాటల్లో చెప్పేస్తారు. "బాడీ తీసుకెళ్లండి" అన్న మాట దగ్గర మొదలైన గొడవ అద్దాలు పగలడం దాకా పోతుంది. ఆ మర్నాడు వచ్చిన పేషెంట్లకి గేటు దగ్గర పోలీసు కనిపిస్తాడు.

3. జరగబోయి ఆగిన పొరపాటు బయటికి రాదు. వేరే పేషెంటు సెలైన్ చేతిలోకి తీసుకుని ఆఖరి నిమిషంలో గమనించిన నర్సు, మాట్లాడటానికి భయంలేని చోటు ఉంటే ఆ సంగతి చెబుతుంది. లేకపోతే మింగేస్తుంది. రెండు సీసాల లేబుళ్లూ ఒకేలా ఉన్నాయన్న సంగతి ఇంకొకరికి తెలియదు.

4. దీర్ఘ సెలవు, బదిలీ దరఖాస్తు, డెప్యుటేషన్. సబ్ సెంటర్‌కి తాళం పడుతుంది. జనం గడ్డ (వాగు) దాటి, ఘాట్ దిగి, శ్రీకాకుళమో విజయనగరమో విశాఖో పోయి ప్రైవేటులో అప్పు చేసి కడతారు.

5. ఆశా దిదీకి బదిలీ కూడా లేదు. ఆసుపత్రికి వెళ్దామని ఒప్పించింది ఆవిడే. పేషెంటు చనిపోతే ఆ ఇంటి ముందునుంచే రోజూ నడవాలి, ఆ బోరింగు దగ్గరే నీళ్లు పట్టుకోవాలి. తర్వాతిసారి ఇంకో ఇంటి తలుపు తట్టేటప్పుడు ఆవిడ గొంతు తగ్గుతుంది. ఆ ఇంట్లో గర్భిణి పేరు నమోదు ఆలస్యమవుతుంది.

కళలతో ఇదంతా పోతుందని మేం అనడం లేదు. కళతో ఖాళీ పోస్టులు నిండవు. ఒక నర్సు మీద రెండు వార్డులు వేసి, ఆనక రంగుల పెట్టె చేతికిచ్చి సర్దుకోమనడం మోసం. మేం అడిగే గంట ఆ మోసానికి ముసుగు కాకూడదు.

ఇక ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్న. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని కలచిన విషయం గురించి రాయించారు. ఆ తర్వాత అలాంటి ప్రయోగాలు వందకి పైగా జరిగాయి. అన్నీ కలిపి చూస్తే మేలు ఉంది, చిన్నది. 2016లో గిరిజా కైమల్ పరిశోధక బృందం 39 మంది పెద్దవాళ్లతో 45 నిమిషాలు బొమ్మలూ మట్టీ కొలాజ్ చేయించి, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) ఎంత ఉందో చూసింది. నాలుగింట మూడు వంతుల మందిలో తగ్గింది. బొమ్మలు వేయడం అలవాటున్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా రాలేదు. పోల్చి చూసే రెండో గుంపు లేని చిన్న అధ్యయనం అది, దాన్ని అంతవరకే నమ్మాలి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3000కి పైగా అధ్యయనాలు పరిశీలించి, కళలకి ఆరోగ్యంలో చోటు ఉందని నివేదిక ఇచ్చింది. బోస్టన్‌లో 1997లో ఆసుపత్రి సిబ్బంది కోసం మొదలైన ష్వార్ట్జ్ రౌండ్స్‌లో ముగ్గురు నలుగురు సిబ్బంది ఒక కేసు తమకి ఎలా అనిపించిందో గంటసేపు తోటివాళ్ల ముందు చెబుతారు. వైద్యం మంచిచెడ్డలు అక్కడ చర్చించరు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. దుర్ఘటన జరిగిన రోజే అందర్నీ కూర్చోబెట్టి ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పించే ఒక్క విడత డీబ్రీఫింగ్ వల్ల ఉపయోగం లేదని, కొందరికి హాని కూడా జరగొచ్చని 2002లో, వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కొక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. కాబట్టి ఆ రోజు కళ వద్దు, కథ చెప్పించడమూ వద్దు. ఆ రోజు కావాల్సినవి వేరే: తర్వాతి పేషెంటుని ఇంకొకరు ఇరవై నిమిషాలు చూసుకోవడం, కూర్చోవడానికి చోటు, టీ, రాత్రయితే ఇంటిదాకా తోడు, మర్నాడు ఒక ఫోను.

చేసే పద్ధతి వివరంగా చెబుతాం, ఎందుకంటే చెడేది వివరాల్లోనే.

గుంపులో ఎనిమిది నుంచి పన్నెండు మంది. నడిపేవాళ్లు ఇద్దరు: ఒకరు నడుపుతారు, రెండోవారు తలుపు దగ్గర కూర్చుంటారు. ఎవరైనా లేచి బయటికి వెళ్తే వెనకే వెళ్లి పక్కన నిలబడతారు, అంతే, ఓదార్పు ఉపన్యాసం ఉండదు. గది వార్డులో ఉండకూడదు, సూపరింటెండెంట్ ఛాంబర్ అసలే కాకూడదు, సీసీ కెమెరా ఉండకూడదు. కింద చాప వేసి గుండ్రంగా కూర్చుంటే కుర్చీల హోదా పోతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి, గర్భిణులకి మాత్రం కుర్చీ వేయాలి. ఫోన్లన్నీ బుట్టలో, అత్యవసరానికి ఒక్క ఫోను రెండో నిర్వాహకుడి చేతిలో. ఇన్‌చార్జి సిస్టర్ ఈ గుంపులో కూర్చోరు, ఆవిడకి తన హోదావాళ్లతో వేరే గుంపు. స్వీపర్లు, మార్చురీ వాళ్లు డాక్టర్ల ముందు నోరు విప్పరు. వాళ్ల గుంపు మొదట్లో విడిగానే ఉండాలి. తర్వాత కలవాలో వద్దో వాళ్లే చెప్పాలి.

వేళ ముఖ్యం. నైట్ దిగినవాళ్లని పొద్దున్న ఎనిమిదికి కూర్చోబెడితే నిద్రపోతారు, పోవాలి కూడా. డ్యూటీ ఎక్కబోయే ముందు రాయిస్తే ఆ దిగులు వార్డులోకి వెళ్తుంది, ఎందుకంటే రాసిన వెంటనే గంటా రెండు గంటలు మనసు ఇంకా బరువుగా ఉండటం మామూలే. షిఫ్టు 8 నుంచి 2, 2 నుంచి 8 ఉన్నచోట సరైన వేళ 1 నుంచి 2. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు ఒంటిగంటకే వచ్చి హ్యాండోవర్ తీసుకుంటుంది, పొద్దుటి షిఫ్టు చేతులు కడుక్కుని గదిలోకి వస్తుంది. ముందుగా వచ్చిన గంటలు ఆరయితే ఒక షిఫ్టు ఆఫ్ ఇవ్వాలి. తర్వాతి విడత గుంపులు తారుమారు. ఒకరిద్దరు నర్సులున్న పీహెచ్‌సీల్లో ఇది కుదరదు, అక్కడివాళ్లకి బ్లాకులో సెక్టార్ మీటింగ్ రోజున పెట్టాలి, అదీ మీటింగ్‌కి ముందు, వేరే గదిలో. టార్గెట్ల లెక్క అడిగి చివాట్లు పెట్టిన గదిలోనే, ఆ వెంటనే బొమ్మ గీయమంటే ఎవరి చెయ్యీ కదలదు.

పన్నెండు మందికి సామాను: ఏ3 డ్రాయింగ్ కాగితాలు 15, ఇరవైనాలుగు రంగుల ఆయిల్ పేస్టల్ పెట్టెలు 4, బాల్ పెన్నులు 12, చవకరకం న్యూస్‌ప్రింట్ కాగితం ఒక కట్ట, పాత పేపర్లు, కుమ్మరి మట్టి 6 కిలోలు, బకెట్లు 2, తువ్వాళ్లు, కొబ్బరినూనె. నీటిరంగులు తేవద్దు. కుంచె పట్టడం రావాలి, నీళ్లు ఎంతో తెలియాలి, ఒక్క చుక్క కారితే "నాకు రాదు" అని వదిలేస్తారు. ఆయిల్ పేస్టల్ చిన్నప్పటి బలపంలా పట్టుకుని గట్టిగా రుద్దొచ్చు, విరిగినా పనికొస్తుంది. అచ్చువేసిన డిజైన్లలో రంగులు నింపడం మొదటిసారి బెరుకు పోవడానికి సరే, అంతకుమించి వాడితే కాలక్షేపమే.

గంట ఇలా నడుస్తుంది. మొదటి ఐదు నిమిషాలు కట్టుబాట్లు: ఇక్కడిది ఇక్కడే, చూపించాలన్న నియమం లేదు, పేషెంటు పేరు, బెడ్డు నంబరు, తేదీ, ఊరు రాయకూడదు. తర్వాత ఐదు నిమిషాలు పాత పేపరు మీద, అలవాటు లేని చేత్తో, పిచ్చి గీతలు. తెల్లకాగితం భయం దానితో పోతుంది. ఇరవైఐదు నిమిషాలు పని. పదిహేను నిమిషాలు, ఇష్టమైనవాళ్లు మనిషికి రెండు నిమిషాలు చూపిస్తారు. విన్నవాళ్లు సలహా ఇవ్వరు, మెచ్చుకోరు, "విన్నాం" అంటారు. ఆఖరి పది నిమిషాలు ముగింపు: గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, నీళ్లు తాగడం, చేతులు కడగడం. ఆలస్యంగా మొదలైతే పని టైము తగ్గించండి, ఆ పది నిమిషాల జోలికి మాత్రం వెళ్లొద్దు. సగం విప్పిన కట్టులా మనిషిని వదిలేసి పోవడం కంటే మొదలుపెట్టకపోవడం మేలు.

మొదటి కూటానికి చెయ్యి బొమ్మ బాగా కుదురుతుంది. ఎడమ చెయ్యి కాగితం మీద పరిచి చుట్టూ గీత గీస్తారు. గీత లోపల ఈ వారం ఆ చెయ్యి చేసినవి, గీత బయట చేయాలనుకుని చేయలేకపోయినవి. మాటైనా, గీతైనా, ఒట్టి రంగైనా సరే. లోపల వచ్చేవి చాలా మామూలు సంగతులు: నరం దొరకని పసిబిడ్డకి మూడోసారి గుచ్చింది, నెత్తురు ఆగడానికి పొట్ట మీద మర్దనా చేసింది, రిజిస్టర్‌లో టైము వేసింది, టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది, కళ్లు మూసింది. శానిటైజర్‌తో పగిలిన కణుపులు కూడా కొందరు గీస్తారు. బయట రాయాల్సి వచ్చినప్పుడు పెన్ను ఆగుతుంది. ఆగనివ్వాలి. "మీ బాధని బొమ్మగా వేయండి" అంటే బిగుసుకుపోయే మనిషి, "మీ చెయ్యి ఏం చేసింది" అంటే మొదలుపెడుతుంది, ఎందుకంటే దానికి జవాబు ఆవిడ దగ్గర ఉంది.

రాతకి వేరే జాగ్రత్తలు. సంఘటన జరిగి కొన్ని వారాలు గడిచాకే. పదిహేను నిమిషాలు పెన్ను ఎత్తకుండా, తప్పులు దిద్దకుండా. రాస్తుంటే తట్టుకోలేకపోతే అక్కడితో ఆపి వేరే విషయానికి మారిపోవచ్చని ముందే చెప్పాలి. ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియా మీడియంలో చదివారు, ఇంట్లో తెలుగు, చేతికి వచ్చే అక్షరం ఒడియా. తెలుగు మాటని ఒడియా లిపిలో రాసుకుంటామంటే హాయిగా రాసుకోనివ్వండి. రాసినదాన్ని ఏం చేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, నిజానికి అక్కడే నమ్మకం నిలుస్తుంది లేదా పోతుంది. చించి చెత్తబుట్టలో వేస్తే ఎవరో అతికించి చదువుతారన్న భయం ఉంటుంది. న్యూస్‌ప్రింట్ మీద రాయించి, బకెట్ నీళ్లలో వేసి ఎవరి కాగితం వాళ్లే పిసికి ముద్ద చేస్తే ఆ భయం ఉండదు. మందపాటి తెల్లకాగితం తొందరగా నానదు, అందుకే చవకది. దాచుకోవాలనుకునేవాళ్లకి మాత్రం 55 మాటల కథ నేర్పుతాం, అమెరికా వైద్య విద్యలో వాడే పద్ధతి. ముందు ఒక పేజీ రాయాలి, తర్వాత కొట్టేస్తూ కొట్టేస్తూ 55 మాటలకి తేవాలి. ఏది ఉంచాలో తేల్చుకునే ఆ కొట్టివేతలోనే అసలు పని జరుగుతుంది.

చదువు అలవాటు లేనివాళ్లకి మట్టి. మనిషికి అరకిలో, తడిగుడ్డ చుట్టి ప్లాస్టిక్ సంచిలో ముందురోజే తేవాలి, పొడిబారితే చేతికి లొంగదు. కళ్లు మూసుకుని పిసకడం, చరచడం, ఆఖరికి చేతిలో ఏ ఆకారం ఉందో చూడటం. కాల్చేది లేదు కాబట్టి పగుళ్లు వచ్చినా పర్వాలేదు, మళ్లీ ముద్ద చేసి సంచిలో వేసేయొచ్చు. చేతులకి తెరిచిన గాయాలున్నవాళ్లు మట్టి ముట్టకూడదు. అయ్యాక గోళ్లలోంచి మట్టి పోయేదాకా సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసుకోవాలి.

పాట దగ్గర ఒక మాట. భజన పెట్టొద్దు. ఈ జిల్లాల సిబ్బందిలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు, ఏ ఒక్క మతం పాట పెట్టినా కొందరు లోపల, కొందరు బయట అయిపోతారు. తప్పెటగుళ్ల దరువు, ధెంసా అడుగు, పదాల్లేని కూనిరాగం, ఒకరు అంటే అందరూ అందుకునే పద్ధతి చాలు. అలాగే సవరల ఇడితల్ గోడబొమ్మలు వాళ్ల పెద్దలకీ దేవతలకీ సంబంధించినవి, వాటిని రంగులు నింపే ఆటగా మార్చడం మర్యాద కాదు.

నాటకం ఆఖరున, గుంపుకి ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరాకే. బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోల్ మొదలుపెట్టిన ఫోరమ్ థియేటర్‌ని మన పక్కనే పశ్చిమ బెంగాల్‌లో జన సంస్కృతి బృందం దశాబ్దాలుగా చేస్తోంది. "డాక్టరేడీ" అని బంధువు మీదికొచ్చే దృశ్యాన్ని ఐదు నిమిషాలు ఆడి, మళ్లీ ఆడతారు. చూసేవాళ్లలో ఎవరైనా ఆపి, నర్సు స్థానంలోకి వచ్చి, వేరేలా చేసి చూపిస్తారు. నిజంగా దెబ్బలు తిన్న మనిషికి ఆ పాత్ర ఇవ్వకూడదు. అయిపోయాక ప్రతివాళ్లూ తమ అసలు పేరు చెప్పి, పాత్ర దిగామని పైకి అనాలి.

ఇంత చేసినా చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. నల్లరంగు ఎక్కువ వాడింది కాబట్టి డిప్రెషన్ అని ఎవరో తీర్పు చెప్పడం. ఒకరు ఏడవగానే నలుగురు మీదపడి ఊరుకోబెట్టడం, దాంతో ఆవిడ ఏడుపు ఆపుకుని వాళ్లకి ధైర్యం చెప్పాల్సి రావడం. "ఎంత బాగా వేశావు" అనడం, మరుసటిసారి అందరూ బాగా వేయడానికి ప్రయత్నించడం. ప్రమాదం కేసు ఒళ్లు జలదరించే వివరాలతో చెప్పడం, విన్నవాళ్లకి అది పట్టుకోవడం. అన్నిటికంటే చెడ్డది వాట్సాప్ ఫోటో. ఒక్క ఫోటో పై అధికారికి వెళ్లిందంటే ఆ గుంపు అక్కడితో అయిపోయినట్టే.

మా డిమాండ్లు:

1. పదిహేను రోజులకి ఒక గంట, రోస్టర్‌లో డ్యూటీగా రాస్తూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. రావడం ఇష్టపూర్వకం. వచ్చింది, రాలేదు అన్నది ఎవరి సర్వీసు రికార్డులోకీ ఎక్కకూడదు.

2. కాంట్రాక్టు నర్సులు, ఔట్‌సోర్సింగ్ స్వీపర్లు, మార్చురీ వాళ్లు, 108 సిబ్బంది, ఆశా దిదీలు అందరికీ ఇది వర్తించాలి. ఆశా దిదీలకి ఎక్కువగా పనిని బట్టే ప్రోత్సాహకం వస్తుంది కాబట్టి, ఆ రోజుకి దారిఖర్చు, భత్యం విడిగా ఇవ్వాలి.

3. అక్కడ రాసినవి, గీసినవి, అన్నవి విచారణకీ, మరణ సమీక్షకీ, వార్షిక నివేదికకీ అడగబోమని ఉత్తర్వులోనే ఉండాలి. ప్రాణాపాయం, పసిపిల్లలకి హాని మాత్రమే మినహాయింపు, అది ప్రతిసారీ మొదట్లోనే చెప్పాలి. కోర్టు అడిగితే ఏ ఉత్తర్వూ అడ్డురాదు, అందుకే పేర్లూ తేదీలూ వద్దంటున్నాం.

4. ప్రతి ఆసుపత్రి నుంచి ఇద్దర్ని నడిపేవాళ్లుగా తయారుచేయాలి. వాళ్లు ఎవరికీ పై అధికారి కాకూడదు. కనీసం ఐదు రోజుల శిక్షణ, తర్వాత మూడు నెలలు అనుభవమున్నవాళ్ల పక్కన. నడిపేవాళ్ల మనసు చూడటానికి నెలకోసారి ఇంకొకరు ఉండాలి.

5. దుర్ఘటన జరిగిన రోజు పైన చెప్పిన ఇరవై నిమిషాల విరామం, తోడు, మర్నాటి ఫోను ఎవరి బాధ్యతో పేరుతో సహా ప్రతి షిఫ్టులో రాసి ఉండాలి.

6. ఇది వైద్యం కాదు. రెండు వారాలుగా నిద్రలేకపోవడం, జరిగిందే కళ్లముందు మళ్లీ మళ్లీ కదలడం, తాగుడు అలవాటు పెరగడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే వెంటనే మానసిక వైద్యం అందాలి. తను పనిచేసే ఆసుపత్రి ఓపీ లైన్లోనే నిలబడాలంటే ఎవరూ వెళ్లరు. పక్క జిల్లాలో చూపించుకునే వీలు, ఆ రోజుకి డ్యూటీ సెలవు కావాలి. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ప్రతి డ్యూటీ రూములో, ఒడియాలోనూ తెలుగులోనూ, గోడ మీద ఉండాలి.

7. సామాను ఖర్చు రోగి కల్యాణ్ సమితి తీర్మానంతో ఇవ్వాలి. పేస్టల్ పెట్టెలు చాలా విడతలు వస్తాయి, మట్టి మళ్లీ వాడుకోవచ్చు, ప్రతిసారీ కొనాల్సింది కాగితమే.

8. పోటీలు, బహుమతులు, ఫోటోలు ఉండకూడదు. ఖాళీ పోస్టుల మీద సిబ్బంది అడిగే ప్రశ్నకి ఈ గంటని జవాబుగా చూపించకూడదు.

అన్ని చోట్లా ఒకేసారి మొదలుపెట్టమనడం లేదు. ఒక జిల్లా కేంద్ర ఆసుపత్రి, రెండు సీహెచ్‌సీలు, ఆరు నెలలు. ఆరు నెలల్లో లెక్క పెట్టాల్సినవి మూడే: ఎన్ని కూటాలు జరిగాయి, ఎన్ని రద్దయ్యాయి, రద్దవడానికి కారణం ఏమిటి. మూడో లెక్కని దాచకుండా రాస్తే, సిబ్బంది కొరత ఏ వార్డులో ఉందో కూడా మీకు అందులోనే కనిపిస్తుంది.

ఈ లేఖ అందిన నెలలోగా, ఏ ఆసుపత్రిలో, ఏ తేదీన మొదటి గంట పెడతారో రాతపూర్వకంగా తెలపండి. మొదటి మూడు కూటాలకి కాగితం, రంగులు, మట్టి మేమే తెస్తాం. మీవైపు నుంచి కావాల్సింది గది తాళంచెవి, రోస్టర్ కాపీ.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల ఆరోగ్య సిబ్బందితో కళా కూటాలు నడుపుతున్నవాళ్లం